చిత్రకోట్ ధార కింద 200 మీటర్ల వాచీ

ఒరేయ్ నాన్నా, ఆ ఫోను ఇలా పట్రా, కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను. ఆటోమేటిక్ వాచీ, పదిహేను వేల పైచిలుకు, 200 మీటర్లు అని రాశాడు. జగదల్‌పూర్‌లో కూర్చుని సముద్రంలో దిగే వాచీ ఏం చేసుకుంటాడని మీ మామ్మ సణుగుతోంది గానీ, ఇలాంటివి కొనేవాళ్ళలో చాలామంది బాత్‌రూమ్ బకెట్ దాటి దిగరులే. కొనుక్కో. కాకపోతే దేనికి డబ్బు పోస్తున్నావో తెలిసి కొనుక్కో.

ముందు ఆ 200 మీటర్ల సంగతి. నీళ్ళలో ప్రతి 10 మీటర్ల లోతుకీ మన నెత్తిమీద గాలి ఎంత నొక్కుతోందో అంత నొక్కుడు అదనంగా వచ్చిపడుతుంది. ఆ నొక్కుడునే ఒక వాతావరణం అంటారు. అంటే 200 మీటర్ల దగ్గర అలాంటివి ఇరవై. మరి చిత్రకోట్ జలపాతం ధార కింద చెయ్యి పెడితే వాచీ ఏమౌతుందని నిన్న అడిగావు కదా, లెక్క వేద్దాం. ఇంద్రావతి నది అక్కడ 30 మీటర్లకి కాస్త అటూ ఇటూగా దూకుతుంది. దారిలో గాలి అడ్డు రాకపోతే కిందికి చేరేసరికి నీటి వేగం సెకనుకి 24 మీటర్లు. ఆ వేగమంతా ఒకచోట ఆగిపోతే పుట్టే పీడనం సరిగ్గా 30 మీటర్ల లోతులో ఉండేంతే, చూశావా! ఎత్తులో దాగిన శక్తి వేగమైంది, వేగం ఆగి పీడనమైంది. బెర్నౌలీ చెప్పిన సూత్రం అదే. మహా అయితే మూడు వాతావరణాలు. ధార దారిలోనే తుంపరై చెదిరిపోతుంది కాబట్టి చాలాచోట్ల అంత కూడా ఉండదు. వాచీ బతుకుతుంది. నీ సంగతి చెప్పలేను, ఆ ధార కిందికి మాత్రం వెళ్ళకు.

ఈత కొడుతూ చెయ్యి ఝాడిస్తే పీడనం పదింతలౌతుందని కొందరు భయపెడతారు. అదీ లెక్కకి నిలవదు. నీళ్ళలో సెకనుకి 10 మీటర్ల వేగంతో చెయ్యి విసరడం మల్లయోధుడి వల్ల కూడా కాదు. అయిందే అనుకో, వచ్చేది అర వాతావరణం, 5 మీటర్ల లోతుతో సమానం.

మరైతే బకెట్ దాటని వాచీల్లోకి కూడా నీరెలా దూరుతుంది? అసలు కథ అక్కడుంది. వాచీని కాపాడేది ఉక్కు కాదు, వెనక మూత కిందా, కీ ఇచ్చే పిడి మెడ దగ్గరా ఉండే సన్నటి రబ్బరు రింగులు. మీ మామ్మ కుక్కర్ గాస్కెట్ ఎలా గట్టిపడి, పగుళ్ళిచ్చి, ఒకరోజు ఆవిరి వదిలేస్తుందో ఇవీ అంతే. చెమట, సబ్బు, ఎండ, ఏళ్ళు, అన్నీ వాటిని తింటాయి. ఇప్పుడు మే నెల ఎండలో బండి నడిపావనుకో. వాచీలో గాలి 50 డిగ్రీలకి వేడెక్కింది. అలాగే ఇంద్రావతిలో చెయ్యి ముంచావు, 25 డిగ్రీలకి దిగింది. లోపలి గాలి పీడనం దాదాపు 8 శాతం పడిపోతుంది. అంటే వాచీ తనంతట తానే బయటిదాన్ని లోపలికి పీల్చుకోవాలని చూస్తుంది. రబ్బరు బాగుంటే ఏమీ కాదు. ముసలిదైతే మోకాలి లోతు నీళ్ళే చాలు. అసలు నీళ్ళే అక్కర్లేదు, మన బస్తర్ వానాకాలంలో గాలే సగం నీరు!

ఇంట్లోనే చేసి చూడగలిగే పరీక్ష ఒకటుంది. సముద్రపు వాచీలకి ఐఎస్ఓ 6425 అని ఒక ప్రమాణం ఉంది, అందులోదే ఇది. వాచీని 40, 45 డిగ్రీల దాకా వెచ్చబడనివ్వాలి. కాసేపు ఎండపొడలో పెట్టినా సరిపోతుంది. అప్పుడు అద్దం మీద ఒక్క చుక్క చన్నీళ్ళు వేసి, నిమిషం ఆగి, పొడిగుడ్డతో తుడవాలి. చుక్క పడినచోట అద్దానికి లోపలివైపు మసక కట్టిందా, లోపల తేమ చేరినట్టే. అలాంటి వాచీని కొత్తదైనా తిరిగిచ్చెయ్, డిస్కౌంట్ అంటాడు, వినకు.

అదే ప్రమాణం ప్రకారం రాసిన లోతు కంటే పాతికశాతం ఎక్కువ పీడనంలో పరీక్ష చెయ్యాలి, అదీ వందలో ఒకటి తీసి కాదు, ప్రతి వాచీనీ. అందుకే డయల్ మీద ఏం రాశాడో చూడమంటాను. 'డైవర్స్ 200 మీటర్లు' అనడం వేరు, 'వాటర్ రెసిస్ట్' అని ఊరుకోవడం వేరు. 1996లో వచ్చిన సీకో ఎస్‌కేఎక్స్ 007 మొదటి రకం, దాని కీ పిడిని మరమేకులా తిప్పి బిగించాలి. 2019లో దాని రూపంలోనే సీకో 5 స్పోర్ట్స్ వచ్చింది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ దీని పిడికి మర లేదు, లోతు 100 మీటర్లే, డైవర్ అన్న మాటా లేదు. చెడ్డ వాచీ అనను, రోజువారీకి భేషుగ్గా ఉంటుంది. ఓరియంట్ కమాసుకి 200 మీటర్లూ, మర పిడీ, నీలమణి అద్దమూ ఉన్నాయి, ఐఎస్ఓ ముద్ర మాత్రం లేదు. చూశావా, ఎవడు ఎక్కడ మిగుల్చుకున్నాడో!

అద్దం గురించి ఒక్కమాట. ఇంద్రావతి ఇసకలో ఉండేది ఎక్కువగా క్వార్ట్జ్, మోస్ కొలతలో దాని గట్టిదనం 7. మామూలు అద్దం అంతకంటే మెత్తన, గీతలు పడతాయి. నీలమణి 9, ఇసక దాన్నేం చెయ్యలేదు. అయితే రాతిమీద పడితే పగిలే భయం దానికే ఎక్కువ.

చుట్టూ తిరిగే పళ్ళ చక్రం, బెజెల్, ఒకవైపే ఎందుకు తిరుగుతుందో తెలుసా? నీటి కిందికి దిగినవాడు దాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టుకుంటాడు. పొరపాటున రాయి తగిలి కదిలినా, గడిచిన సమయం ఎక్కువే చూపిస్తుంది తప్ప తక్కువ చూపదు. గాలి ఇంకా ఉందనుకుని కిందే ఉండిపోయే ప్రమాదం తప్పుతుంది. చక్రం పొరపాటున కదలకూడదన్న ఆలోచన 1953లో వచ్చిన బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాదమ్స్ వాచీలోనే ఉంది. దుకాణంలో దాన్ని తిప్పి చూడు. టకటకమని గట్టిగా ఆగాలి, వెనక్కి ఊగకూడదు.

ఇక లోపలి యంత్రం. చెయ్యి కదిలితే అర్ధచంద్రంలాంటి బరువు తిరిగి స్ప్రింగుకి కీ ఇస్తుంది. ఈ ధరలో కంపెనీల పేర్లు వేరైనా యంత్రాలు కొన్నే. సీకో వాళ్ళ ఎన్‌హెచ్ 35 ఎన్నో చిన్న బ్రాండ్లలో ఉంటుంది. సెకనుకి ఆరుసార్లు కొట్టుకుంటుంది, తీసి పక్కన పెడితే 41 గంటలు నడుస్తుంది. పాడైతే మొత్తం తీసి కొత్తది వేసెయ్యొచ్చు, అదే దాని గొప్ప. దాని చుట్టాన్నే సీకో 4ఆర్36 అంటుంది, రోజుకి 45 సెకన్లు ముందుకీ 35 వెనక్కీ పోవచ్చని కంపెనీయే ఒప్పుకుంటుంది. రోజంటే 86,400 సెకన్లు, అంటే వెయ్యిలో అర వంతు తప్పు. స్ప్రింగుతో నడిచే వస్తువుకి తక్కువేం కాదు. నాలుగు వందల రూపాయల బ్యాటరీ వాచీ దీనికంటే బాగా టైము చెబుతుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా! రాత్రి బల్లమీద వెల్లకిలా ఒకసారి, పిడి కిందికి నిలబెట్టి ఒకసారి పెట్టి చూడు. రెండు రాత్రుల తప్పూ దగ్గరదగ్గరగా ఉంటే యంత్రం బాగా సర్దినదే.

బైలాడీలా కొండల ఇనుము వల్ల వాచీ పిచ్చెక్కుతుందని కిరండూల్‌లో ఒకాయన నాతో వాదించాడు. అక్కడిది హెమటైట్, అయస్కాంతం దాన్ని అంతగా పట్టుకోదు. ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ 1968లో తవ్వకం మొదలెట్టి విశాఖ రేవు మీదుగా జపానుకి పంపింది ఆ ఖనిజాన్నే. నీ వాచీకి అసలు శత్రువు ఫోను స్పీకరూ, బ్యాగు మూతలో దాచిన అయస్కాంతమూ. హఠాత్తుగా నిమిషాల కొద్దీ పరుగు మొదలెడితే దిక్సూచి పక్కన పెట్టు. సూది తిరిగితే అయస్కాంతం పట్టినట్టే. పోగొట్టే చిన్న యంత్రం రిపేరు వాళ్ళ దగ్గర ఉంటుంది.

కొనేముందు ఆ రిపేరు వాళ్ళనే ఒక మాట అడుగు. మూత తీసి బిగించాక రబ్బరు మార్చి, పీడన పరీక్ష చేసే మిషను మీ దగ్గరుందా అని. "ఎందుకండీ, ఏం కాదు" అన్నాడంటే, ఆ దుకాణంలో మూత విప్పించిన రోజునుంచీ ఆ 200 అంకెని మర్చిపో, ఇంద్రావతికి వెళ్ళేటప్పుడు వాచీ మామ్మ చేతికిచ్చి దిగు.