అడ్డపొగయు, కణములోని కావలివాఁడును

అనకాపల్లి యనఁగానే దూరదేశపువారికి బెల్లము జ్ఞప్తికి వచ్చును. వైద్యగ్రంథములలో మాత్రము మన ప్రాంతమునకు వేఱొక ప్రసిద్ధి గలదు. అది యంత తీయనిది కాదు. విశాఖపట్టణము మొదలు శ్రీకాకుళము వఱకుఁ గల పల్లెలలో స్త్రీలు చుట్టను నిప్పుకొన నోటిలోపల నుండునట్లు కాల్చెడి యడ్డపొగ ప్రపంచమున మిక్కిలి యరుదైన యలవాటు. గాలికి నిప్పాఱదు, నుసి పైటపై రాలదు, రెండు చేతులును పనికి దొరకును. కావుననే ఊడ్పులయందును, మాటలాడునపుడును గూడ చుట్ట పెదవుల నడుమనే యుండును. తల్లిని జూచి కూఁతురు నేర్చినది.

పిండ్‌బోర్గు, మెహతా మొదలగు వైద్యులు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి 1971లో ఫలితములను బ్రకటించిరి. అందు నూటికి నలువదిమందికిఁ బైగా అడ్డపొగ త్రాగువారే. పొగాకు వలన నోటికి వచ్చు రాచపుండు, అనఁగా కాన్సరు, ఇతరచోట్ల బుగ్గకో నాలుకకో వచ్చుట వాడుక. అడ్డపొగవారికి అంగిటికే వచ్చుచున్నది.

“మా యవ్వ ఎనుబదియేండ్లు త్రాగి బ్రతుకలేదా?” యని మమ్మడిగిన సోదరీమణులు పలువురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి సమాధానము జీవకణములో నున్నది.

ప్రతి కణమునందును డి.యన్.ఏ. యను వ్రాత గలదు. కణము రెండగునపుడు ఆ వ్రాతకుఁ బ్రతి వ్రాయఁబడును. తాళపత్రములకుఁ బ్రతులు వ్రాయువారి చేతిలో పాఠములు చెడినట్లు ఇచ్చటను తప్పులు దొరలుచుండును. పొగలోని విషములు ఆ తప్పులను మెండు చేయును. నిప్పువేఁడిమి అంగిటిపొరను మాటిమాటికిఁ గాల్చుటచే క్రొత్తకణములు మాటిమాటికిఁ బుట్టవలసి వచ్చును.

ఈ తప్పులను గనిపెట్టుటకు పి-53 యను మాంసకృత్తు కలదు. దీనిని 1979లోఁ గనుఁగొనిరి. 393 అమైనో ఆమ్లములు గ్రుచ్చిన గొలుసు. శాంతికాలమున ఎం.డి.ఎం.2 అను వేఱొక మాంసకృత్తు దీనిని హరింపఁజేయుచు కొలఁదిగా మాత్రమే యుంచును. వ్రాత చెడినంతనే పి-53 ఆ పట్టు వదలించుకొని పెరుగును. పి-21 అను దానిని లేపి కణవిభజన నాపించును. ఆ యెడములో తప్పు దిద్దఁబడినచో సరియే. దిద్దరానిదైనచో ఆ కణము తన్నుఁదాను నశింపఁజేసికొనునట్లు చేయును. తన యింటిని నాశనము చేసియైనను ఊరిని గాపాడు కావలివాఁడన్నమాట.

అయితే ఆ కావలివానిని బుట్టించు జన్యువునందే తప్పు పడిన నేమి? జయవిజయుల కథ మన మెఱుఁగనిది కాదు. ద్వారపాలకులే శాపవశమున వైరులైరి. చెడిన పి-53 కావలి మానుటయే గాక, కొన్నియెడల రాచపుండు వ్యాపించుటకుఁ దానే తోడుపడును. తొలినాళ్ల శాస్త్రజ్ఞుల చేతికిఁ జిక్కినది ఇట్టి చెడిన రూపమే యగుటచే, పది సంవత్సరములు దీనిని రోగకారకమనియే తలంచిరి. 1989లో నిజస్వభావము తేలినది. నేఁడు మానవుల కాన్సరులలో సుమారు సగమునందు ఈ జన్యువు చెడి యుండుట కనఁబడుచున్నది. పొగాకుపొగలోని బెంజోపైరీను ఊపిరితిత్తుల కాన్సరులో ఈ జన్యువు తఱచుగఁ జెడు తావులనే పట్టుకొనునని 1996లోఁ దెలిసినది.

ఈ జన్యువు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి మనకు లభించును. ఏనుఁగున కిట్టివి సుమారు ఇరువది జతలు గలవని 2015లోఁ జెప్పిరి. అంత పెద్ద దేహమునకు రాచపుండ్లు తక్కువగుటకు ఇది యొక కారణమఁట! మన కున్నది ఒక్క జతయే. పైఁగా ఒక్క తప్పుతో రోగము రాదు. పలుతప్పులు ఒకే కణమునఁ గూడవలెను. అవి యొకరికి నలువదియవయేటనే కూడును, ఒకరికి ఎన్నఁడును గూడవు. అవ్వగారికి పాచిక పడలేదనవలెను గాని, పొగ మేలు చేసెననరాదు.

చెడిన పి-53ను మరల మంచిదానిగా మార్చు మందులకై ప్రయత్నములు జరుగుచున్నవి. వానికంటె ముందు మనకుఁ జేతనున్న దొకటి గలదు. అంగిలి ముందుగనే గుర్తులు చూపును: తెల్లనిపొర, ఎఱ్ఱని చుక్కలు, మచ్చలు. అలవాటు మానినవారిలో ఇట్టివి పెక్కు తగ్గుట శ్రీకాకుళపు పల్లెలలోనే వైద్యులు చూచిరి. తల వెనుకకు వంచి నోరు తెఱచిన, టార్చిదీపమున అంగిలి చక్కఁగఁ గనఁబడును. కోడలికి నోరు చూపుటకు అత్తగారు సిగ్గుపడుదురు; ఆ పని మనుమరాలి కొప్పగించుట మేలని మా యభిప్రాయము. ఎఱ్ఱమచ్చ గాని, రెండువారములలో మానని పుండు గాని యున్నచో నొప్పి లేదని యూరకుండరాదు. అగనంపూడిలోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి మా యనకాపల్లికి బస్సుదూరములోనే యున్నది.