కొండయెక్కిన వంటలక్కలు

బంజారా హిల్సు నుండి జూబిలీ హిల్సు మీదుగా ఫిలింనగరు చేరులోపల ఎన్ని చలనచిత్ర కార్యాలయములు కన్పట్టునో లెక్కించుట కష్టము. ఏ పాటను ఏ దేశమున చిత్రింపవలెనో ఆ కార్యాలయములలోనే తేలును. తులసికోట యొద్ద కన్నులు మూసిన నాయిక, అవి తెరచునప్పటికి స్విట్జర్లాండు మంచుకొండ మీద నుండుట మన సోదరీమణులకు క్రొత్త సంగతి కాదు. 2010లో వచ్చిన 'రోబో' అను అనువాద చిత్రమున కిలిమంజారో పాట యొకటి కలదు. ఆ పేరు ఆఫ్రికా ఖండములోని పర్వతమునకు చెందినది. పాటను తీసినది దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు మాచు పిచ్చు శిథిలముల నడుమ. బడిపిల్లలు భూగోళ పరీక్షలో నిట్లు వ్రాసినచో పంతులుగారు సున్న వేయుదురు. పాటలకు ఆ భయము లేదు.

2016 ఏప్రిల్ 22వ తేదీన విడుదలయిన 'సరైనోడు' చిత్రములోని 'తెలుసా తెలుసా' పాట పెరూకు పొరుగుననున్న బొలీవియా దేశమును మన కండ్లయెదుట నిలిపినది. అల్లు అర్జున్, రకుల్ ప్రీత్ సింగు తెల్లని నేలమీద ఆడుచుండగా చూచి, ఆ నేల మంచు అనుకొన్నవారు మా యెరుకలోనే పలువురు గలరు. అది మంచు కాదు, ఉప్పు. ఆ స్థలము పేరు ఉయూని. ప్రపంచములోని ఉప్పునేలలలో అంత పెద్దది వేరొకటి లేదు.

దాని వైశాల్యము పదివేల చదరపు కిలోమీటర్లకు పైమాట. మన హైదరాబాదు జిల్లా 217 చదరపు కిలోమీటర్లు మాత్రమే గనుక, అట్టివి దాదాపు ఏబది జిల్లాలు ప్రక్కప్రక్కన పరచినచో ఎంతయగునో అంత. సముద్రమునకు 3,656 మీటర్ల యెత్తున నున్నది. మన తిరుమల కొండ యెత్తునకు దాదాపు నాలుగింతలన్నమాట. అనాదికాలమున అచ్చట నుండిన సరస్సులు ఎండిపోగా ఉప్పు మిగిలినది. ఎండకాలమున నేల బీటలుతీసి, ఎవరో పనిగట్టుకొని పలకలు పరచినట్లు కన్పించును. డిసెంబరు మొదలు మార్చి వరకు వానలు కురియు దినములలో జానెడైన లోతులేని నీరు నిలిచి, ఆకాశమంతయు నేలలో ప్రతిఫలించును. నడచు మనుజుడు మేఘముల మీద నడచుచున్నట్లుండును. చలనచిత్రముల వారికి ఇంతకన్న కావలసినదేమి? 2017లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రమున వేరొక గ్రహముగా చూపినదియు ఈ నేలనే.

ఉప్పు అనగా మాకు మా బంజారా హిల్సు పేరే తలపునకు వచ్చును. ఈ కొండలకు ఆ పేరు ఇచ్చట నివసించిన బంజారాల వలన గలిగినది. లంబాడీలనియు లమాణీలనియు పిలువబడు వీరు రైళ్లు రాకముందు వేలకొలది ఎద్దుల మీద ఉప్పును ధాన్యమును మోసికొని దక్కను అంతట తిరిగినవారు. లమాణి యను మాట 'లవణ' శబ్దమునుండి పుట్టినదని కొందరు పండితుల మతము. రైలుబండి వచ్చినది, ఎద్దులబారులు పోయినవి, పేరు మాత్రము కొండలకు మిగిలినది. ఇక ఉయూని సంగతి చూడుడు. అచ్చటి వారు ఉప్పును ఇటుకలవలె కోసి, లామాల వీపుల కెత్తి, దినముల తరబడి నడచి, పల్లపు లోయలలో మొక్కజొన్నలకు మార్చుకొని వచ్చెడివారు. లామా ఒంటె జాతికి చెందినది, గొర్రెవలె ఉన్ని గలది. లారీలు వచ్చిన పిమ్మట ఆ బారులును చాలవరకు పోయినవి. ఉప్పు మోసినవారి కొండమీద కార్యాలయము లుండువారు పాటకై మరల ఉప్పునేలకే పోవుట మాకు విచిత్రముగా తోచినది.

ఉయూని పట్టణము పుట్టినది యాత్రికుల కొరకు కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర, గనులలోని లోహములను పసిఫిక్ సముద్రపు రేవునకు చేర్చుటకు వేసిన రైలుమార్గమున అది కూడలి యయ్యెను. 1940ల ప్రాంతమున గనుల వ్యాపారము దెబ్బతినగా ఇంజనులను పట్టాలమీదనే విడిచిపెట్టిరి. ఆ తుప్పుపట్టిన బండ్లనే 'రైళ్ల శ్మశానము' అని నేడు యాత్రికులు డబ్బిచ్చి చూచుచున్నారు! పనికిరాని యినుముకూడ కూడు పెట్టుట యాత్రావ్యాపారము నందే సాధ్యము. అచ్చటనుండి జీపులు కొల్చాని గ్రామమునకు పోవును. అందు కుటుంబములు ఉప్పును కుప్పలుగా తోడి ఆరబెట్టి, పొయ్యిలపై వేయించి, పొట్లములు కట్టుదురు. తరువాత ఉప్పునేల నడుమ దీవివలెనున్న గుట్ట యొకటి వచ్చును. దానినిండ నిలువెత్తును మించిన బ్రహ్మజెముడు చెట్లు.

1990లలో ఉప్పునేల నట్టనడుమ ఉప్పు ఇటుకలతోనే ఒక హోటలు కట్టిరి. గోడలు, మంచములు, బల్లలు సమస్తము ఉప్పే. జనము విరగబడి వచ్చిరి. కాని అంతమంది స్నానపు నీరు, మురుగు, చెత్త ఎచ్చటికి పోవలెను? కాలువ లేదు, మట్టి లేదు. మలినమంతయు ఆ తెల్లని నేలను పాడుచేయసాగెను. తుదకు 2002లో ఆ కట్టడమును తీసివేసి, పిదప ఉప్పునేల అంచున క్రొత్తది కట్టిరి. ఇల్లు దిద్దుకొను స్త్రీ యెవతె నడిగినను, కట్టకముందే చెప్పియుండెడిది: దొడ్డి ఎచ్చటనో చూడక వంటిల్లు వేయరాదని.

ఈ వ్యాపారములో స్త్రీల భాగమేమి? ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. బొలీవియా దేశపు ఐమారా, కెచువా జాతుల స్త్రీలను 'చోలితలు' అందురు. పలుకుచ్చెళ్లు గల వెడల్పాటి పావడ, దానిక్రింద మరికొన్ని పావడలు, భుజములపై శాలువ, రెండు జడలు, తలపై గుండ్రని దొరటోపీ. ఇది వారి వేషము. యాత్రికుల ఛాయాచిత్రము లన్నింటియందును ఈ వేషము కనబడును. కాని ఆ వేషముతో లా పాజ్ నగరములోని కొన్ని భోజనశాలలలోను ప్రధానమయిన చౌకులోను అడుగుపెట్టనీయని కాలము మొన్నమొన్నటి వరకు నుండెను. చోలిత యను మాటయే అప్పుడు చిన్నచూపు మాట.

లా పాజ్ సమీపమున హువాయ్నా పొటోసి యను పర్వతము 6,088 మీటర్ల యెత్తున మంచు కప్పుకొని యున్నది. పరదేశపు సాహసికులు దానినెక్కుటకు వత్తురు. వారికి దారి చూపువారు పురుషులు. సామాను మోయువారును, మధ్యవిడిదిలో వంటచేయువారును అనేకులు ఆ పురుషుల భార్యలు. అయిదువేల మీటర్ల యెత్తున వంట యనగా ఎట్టిదో గృహిణులకు చెప్పవలెను. గాలి ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరగును. మన యింట 100 డిగ్రీల కడ మరగు నీరు, అచ్చట 83 డిగ్రీల ప్రాంతముననే పొంగిపోవును. నీరు పొంగుచునే యుండును, పప్పు మాత్రము పలుకుగనే యుండును. మూత బిగించిన కుక్కరు లేనిదే పని జరుగదు. అట్లు వండిపెట్టి, యాత్రికులు శిఖరము చూచి వచ్చి పొంగిపోవుచు వర్ణించుచుండగా విని, గిన్నెలు కడిగి దిగివచ్చుట వారి నిత్యకృత్యము.

'పైన నేమున్నది?' అను ప్రశ్న వారిలో మొలకెత్తినది. లిడియా వాయ్యాస్ మొదలైన పదునొకండుగురు స్త్రీలు 2015 డిసెంబరులో ఆ పర్వతము నెక్కిరి. కాళ్లకు ఇనుపముండ్ల బూట్లు, తలకు టోపీకి బదులు గట్టి శిరస్త్రాణము. పావడ మాత్రము విడువలేదు. చీర కచ్చపోసి నాట్లువేయు మన స్త్రీలకు ఇందు ఆశ్చర్యము లేదు. మగవారు కొందరు నవ్విరట. 2019 జనవరిలో వారిలో అయిదుగురు అర్జెంటీనాలోని అకొంకాగువా శిఖరమును చేరిరి. దాని యెత్తు 6,961 మీటర్లు; అమెరికా ఖండములు రెండింటను దానిని మించినది లేదు. అందరిలో కొందరు నేడు తామే దారిచూపు వృత్తిలో నున్నారు. వంటకు ముట్టు కూలికిని, త్రోవ చూపువారికి ముట్టు ప్రతిఫలమునకును భేద మెంతయో చెప్పనేల?

యాత్రికుల ధనము ఎవరి ముంగిట వ్రాలుననునదియే యెక్కడనైనను అసలు ప్రశ్న. బొలీవియా వాయవ్యపుటడవులలో మదీది జాతీయవనమందు చలలాన్ అను బస గలదు. దానిని నడుపువారు ఒక చిన్న అటవీగ్రామపు ప్రజలే. గదులు వారివి, పడవలు వారివి, ఆదాయము వారిది. ఉయూనిలో నట్లు కాదు. జీపుల యజమానులు వేరు, వంటవారు వేరు. 2020లో మహమ్మారి వచ్చి దేశముల తలుపులు మూసినప్పుడు ముందుగా పని పోయినది దినకూలి వంటవారికే. పొలమున్నవారు కీన్వా పంటనో, రాత్రి మంచులోను పగటి యెండలోను వడియములవలె నెండబెట్టు బంగాళాదుంపలనో నమ్ముకొని ఆ దినములు గడపిరి.

పాట చూచి ఆ నేలకు పోవలెనని ఉబలాటపడు పాఠకురాండ్రకు నాలుగు మాటలు. లా పాజ్‌కు విమానము దిగు ఎల్ ఆల్టో రేవే 4,061 మీటర్ల యెత్తున నున్నది. దిగిన దినమున తలనొప్పి, వాంతి, ఆయాసము కలుగుట సహజము. రెండు మూడు దినములు మెల్లగా తిరుగవలెను. గుండెజబ్బు గలవారును గర్భిణులును వైద్యుని యడుగక పోరాదు. బొలీవియానుండి మన దేశమునకు తిరిగివచ్చువారు పచ్చజ్వరపు టీకా పత్రము చూపవలెను. టీకా ప్రయాణమునకు పది దినములు ముందుగా వేయించుకొనవలెను. అరువదేండ్లు దాటినవారును పాలిచ్చు తల్లులును దీనికిని వైద్యుని సలహా పొందుట మేలు. ఆయాసము తగ్గుటకు అచ్చట కోకా ఆకుల తేనీరు ఇత్తురు; అది అచ్చట చట్టసమ్మతము. ఆ ఆకులను జ్ఞాపకార్థమని సంచిలో వేసికొని రాకుడు, మన దేశమున అది నేరము.

నీటి అద్దము చూడవలెనన్నచో జనవరి, ఫిబ్రవరి నెలలు. పలకలు తేరిన పొడినేల కావలెనన్నచో మే నెల పిమ్మట. లా పాజ్‌లో కొండకు పోవుటకు ఏర్పాటు చేసికొనునప్పుడు, దారి చూపుటకు చోలిత దొరకునాయని అడుగుడు.