ఆరోపణలు అనేకం, తీర్పు ఏది?

కిర్గిజ్‌స్తాన్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది ఎంబీబీఎస్. బిష్కెక్‌లోనో ఓష్‌లోనో పిల్లల్ని డాక్టరీ చదివిస్తున్న తల్లిదండ్రులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరిమూకలు విరుచుకుపడినప్పుడు ఈ కుటుంబాలకు కంటి మీద కునుకు లేదు. పిల్లల్ని పంపుతున్న దేశంలో పోలీసు, కోర్టు ఎవరి మాట వింటాయన్నది ఫీజుల లెక్క ఎంత అవసరమో అంత అవసరంగా తెలుసుకోవాల్సిన సంగతి. అది అర్థం కావడానికి ఒముర్బెక్ బాబానోవ్ అనే నాయకుడి ప్రయాణం బాగా పనికొస్తుంది. ఆయన ఆ దేశపు పెద్ద సంపన్నుల్లో ఒకరు, ఒకప్పటి ప్రధాని, అధ్యక్ష ఎన్నికలో రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి. పదేళ్ల పైచిలుకు కాలంలో ఆయన మీద రాని ఆరోపణ లేదు. వాటిలో ఎన్ని నిజమో తేల్చే ఓపిక మాత్రం ఆ వ్యవస్థ ఏనాడూ చూపలేదు. ఆయన తప్పు చేశాడా లేదా అన్నదానికన్నా, ఆరోపణలు ఎప్పుడు లేచాయి, ఎప్పుడు చల్లారాయి అన్నది చూస్తేనే ఆ దేశపు అసలు జబ్బు బయటపడుతుందని నా అభిప్రాయం.

బాబానోవ్ 1970లో తలాస్ ప్రాంతంలో పుట్టారు. మాస్కోలోని తిమిర్యాజెవ్ వ్యవసాయ అకాడమీలో చదివారు. సోవియట్ యూనియన్ కూలి, ప్రభుత్వ ఆస్తులు చేతులు మారుతున్న రోజుల్లో పెట్రోలు వ్యాపారంలోకి దిగి స్థిరపడ్డారు. కిర్గిజ్‌స్తాన్‌లో చమురు పెద్దగా దొరకదు, వాడకంలో ఎక్కువ భాగం బయటి నుంచే రావాలి. కాబట్టి ఆ సరఫరాలో చేయి ఉన్నవాడు సహజంగానే పెద్దవాడవుతాడు. 2005లో ఆయన పార్లమెంటుకు వెళ్లారు, 2009లో కుర్మాన్‌బెక్ బకియెవ్ హయాంలో ఉప ప్రధాని అయ్యారు. 2010 ఏప్రిల్‌లో జనం తిరగబడి బకియెవ్‌ని తరిమేశారు. ఆ జూన్‌లో ఓష్‌లో కిర్గిజ్, ఉజ్బెక్ వర్గాల మధ్య జరిగిన మారణకాండలో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఇంత జరిగిన ఏడాదే, అక్టోబరు ఎన్నికల్లో బాబానోవ్ కొత్త పార్టీ ‘రెస్పుబ్లికా’ 120 సీట్లలో 23 గెలిచింది. కూలిన ప్రభుత్వంలో ఉప ప్రధానిగా పనిచేసిన మనిషి కొత్త ప్రభుత్వంలో మొదటి ఉప ప్రధాని కాగలిగాడంటే ఆ రాజకీయాల్లో డబ్బున్న పార్టీకి ఎంత గిరాకీ ఉందో ఊహించుకోవచ్చు.

ఇక్కడి నుంచే ఆరోపణల కథ మొదలవుతుంది. బకియెవ్ పడిపోయాక ‘మెగాకామ్’ అనే పెద్ద మొబైల్ కంపెనీ మీద వివాదం రేగింది. దాని వెనక బకియెవ్ కొడుకు ఉన్నాడన్న అనుమానంతో ప్రభుత్వం దాన్ని తన అజమాయిషీలోకి తీసుకుంది. ఆ కంపెనీ వ్యవహారాల్లో బాబానోవ్ పేరూ వినిపించింది. 2011 వసంతంలో దర్యాప్తు జరుగుతున్నంత కాలం పదవికి దూరంగా ఉండమని ఆయన్ని పక్కన పెట్టారు, కొద్ది వారాల్లో మళ్లీ తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో, అల్మాజ్‌బెక్ అతంబాయెవ్ అధ్యక్షుడైన వెంటనే, బాబానోవ్ ప్రధాని అయ్యారు. వసంతంలో అనుమానితుడు శీతాకాలానికి ప్రధాని కావడంలో తప్పు లేదు, మధ్యలో ఒక స్వతంత్ర సంస్థ విచారించి ‘ఇతని తప్పు లేదు’ అని జనం ముందు చెప్పి ఉంటే. జరిగింది అది కాదు. సంకీర్ణానికి ఆయన సీట్లు కావాలి, అంతే.

ప్రధానిగా ఆయన తొమ్మిది నెలలు కూడా లేరు. 2012 వేసవిలో ఒక గుర్రం చుట్టూ గొడవ లేచింది. కిర్గిజ్‌లకి గుర్రం మీద ఉండే మమకారం సామాన్యమైనది కాదు. వాళ్ల పండగ, పందెం, పరువు అన్నీ దానితోనే. ప్రభుత్వ కాంట్రాక్టుతో సంబంధమున్న ఒక తుర్కీ వ్యాపారి నుంచి ప్రధాని లక్షల డాలర్లు చేసే మేలుజాతి పందెపు గుర్రాన్ని పుచ్చుకున్నారని పత్రికలు రాశాయి. అది బహుమతి కాదు, నా డబ్బుతో తక్కువ ధరకే కొన్నానని బాబానోవ్ గట్టిగా ఖండించారు. తేలికగా తేల్చగల సంగతి ఇది. అమ్మిందెవరు, కొన్నదెవరు, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్లింది, కాంట్రాక్టు ఎప్పుడు ఇచ్చారు అన్నవి నాలుగు కాగితాల్లో దొరికే జవాబులు. వాటిని తీసి న్యాయమూర్తి ముందు పెట్టే బదులు సంకీర్ణంలోని రెండు పార్టీలు, ఆర్థిక వ్యవస్థ మందగించిందన్న కారణం కూడా కలిపి, మద్దతు ఉపసంహరించుకున్నాయి. ప్రభుత్వం పడింది. ప్రభుత్వం పడేసరికి గుర్రం గొడవా పడుకుంది. ఆరోపణ పని దించడం వరకే అయినప్పుడు ఆ తర్వాత దాని నిజానిజాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

2017 అధ్యక్ష ఎన్నికలో ఇది మరింత పచ్చిగా కనిపించింది. అతంబాయెవ్ తన వారసుడిగా సూరొన్‌బాయ్ జీన్‌బెకోవ్‌ని నిలబెట్టారు, ఎదురు నిలిచినవాళ్లలో బలమైనవాడు బాబానోవ్. సెప్టెంబరులో ఆయన అల్మాతీ వెళ్లి కజకిస్తాన్ అధ్యక్షుడు నజర్‌బాయెవ్‌ని కలిశారు. ఇది మా ఎన్నికల్లో జోక్యమని అతంబాయెవ్ బహిరంగంగా నజర్‌బాయెవ్ మీద విరుచుకుపడ్డారు. ఆ వెంటనే కజకిస్తాన్ సరిహద్దు తనిఖీలు బిగించింది, లారీలు కిలోమీటర్ల పొడుగున నిలిచిపోయాయి. కూరగాయలు, బట్టలు అమ్ముకునే చిన్న వ్యాపారులు నష్టపోయారు. సెప్టెంబరు ఆఖర్లో బాబానోవ్ ఓష్‌లో ఉజ్బెక్‌లు ఎక్కువగా ఉండే పేటలో మాట్లాడుతూ, తాను గెలిస్తే వాళ్లని వేధించే పోలీసులని ఊరుకోనన్న ధోరణిలో హామీ ఇచ్చారు. 2010 గాయం ఇంకా పచ్చిగానే ఉన్న ఊళ్లో ఆ మాట నిప్పురవ్వ కాగలదన్న భయంలో కొంత న్యాయం ఉంది. అయితే మైనారిటీ వర్గానికి పోలీసుల నుంచి రక్షణ ఇస్తాననడం జాతుల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం ఎలా అవుతుందో నాకు అంతుబట్టదు. అక్టోబరు 15న పోలింగ్ జరిగింది. జీన్‌బెకోవ్‌కి సుమారు 54 శాతం, బాబానోవ్‌కి 33 శాతం పైగా వచ్చాయి. నవంబరు మొదటి వారంలో ఆ ఓష్ ప్రసంగం మీద బాబానోవ్‌పై క్రిమినల్ కేసు పెట్టారు. డిసెంబరు ఆఖరికి దేశం బయట ఉన్న ఆయన రాజకీయాలు వదిలేస్తున్నట్టు ప్రకటించారు.

ప్రసంగం సెప్టెంబరులో, కేసు నవంబరులో. మధ్యలో ఆయన ఓడిపోయారు. ఆ మాటలు అంత ప్రమాదకరమైనవైతే పోలింగ్‌కి ముందే ఎన్నికల సంఘం ఆయన్ని పోటీ నుంచి తప్పించి ఉండాలి. ఓడిపోయాక ఆయన మాటకి జనాన్ని రెచ్చగొట్టే బలం పెరగలేదు, తగ్గింది. అయినా కేసు అప్పుడే వచ్చిందంటే అది జరిగిన నేరానికి కాక, రేపు మళ్లీ పోటీ చేస్తాడేమోనన్న భయానికి పెట్టిన కేసని అనుకోవడంలో అన్యాయం లేదు. ఆయన వైపున్న ఎంపీ కనాత్‌బెక్ ఇసాయెవ్ విషయం ఇంకా విచిత్రం. ఆ ఎన్నికల ముందు కుట్ర ఆరోపణపై ఆయన్ని పట్టుకెళ్లారు, 2018 జనవరిలో వేరే అవినీతి కేసులో 12 ఏళ్ల శిక్ష వేశారు. 2020 అక్టోబరులో మరో తిరుగుబాటు వచ్చాక అదే ఇసాయెవ్ పార్లమెంటు స్పీకర్ అయ్యారు. అదే నెల జైల్లోంచి బయటపడిన సదిర్ జపారోవ్ పది రోజులు తిరక్కుండా ప్రధాని, ఆపై తాత్కాలిక అధ్యక్షుడు అయ్యారు. ఇంత పెద్ద శిక్షలు ఇంత తేలిగ్గా ఆవిరైపోయే చోట బాబానోవ్ మీద కేసుకి ఎంత బరువు ఇవ్వాలి?

‘ఇదంతా ఒక కోటీశ్వరుణ్ణి వెనకేసుకు రావడం కాదా?’ అని ఎవరైనా అడగొచ్చు. అడగదగ్గ ప్రశ్నే. పెట్రోలు వ్యాపారి చేతికి ప్రభుత్వ నిర్ణయాలు రావడం, పార్టీ, సంపద ఒకే చేతిలో ఉండటం ఎక్కడైనా అనుమానించాల్సిన విషయాలే. నేను ఆయన నిర్దోషి అనడం లేదు. ఆయన దోషి అయితే శిక్షపడే దారినీ, కాకపోతే మచ్చ తొలగే దారినీ ఆ దేశం రెండింటినీ మూసేసుకుందని అంటున్నాను. సంపద అక్కడ కవచం అనుకుంటాం, నిజానికి అది పాలకుల చేతికి చిక్కే పిలక. వ్యాపారం ఉన్నవాడికి లైసెన్సులుంటాయి, పన్నులుంటాయి, పాత ఒప్పందాలుంటాయి. వాటిలో ఏదో ఒకటి ఎప్పుడైనా బయటికి లాగొచ్చు. 2021లో కుమ్‌తోర్ బంగారు గనిని కెనడా కంపెనీ చేతుల్లోంచి ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకున్నాక, ఆ వ్యవహారంలో అవినీతి ఆరోపణతో బాబానోవ్‌తో సహా పలువురు పాత నాయకులని పట్టుకుని కొన్నాళ్లు నిర్బంధంలో ఉంచారు. ఆ గని ఒప్పందాల మీద ప్రశ్నలు చాలా ఏళ్లుగా ఉన్నాయి, కొత్తవి కావు. కొత్తగా వచ్చింది ప్రభుత్వమే.

డబ్బుతో బయటపడే దారి కూడా ఉందన్నది రాయింబెక్ మత్రాయిమోవ్ ఉదంతం చెబుతుంది. కస్టమ్స్ శాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన ఆయన చుట్టూ సరుకుల దొంగరవాణా, దేశం దాటిన కోట్ల డాలర్ల మీద 2019లో విలేకరులు పెద్ద పరిశోధన బయటపెట్టారు. వాళ్లకి సమాచారం ఇచ్చిన వ్యక్తిని ఆ నవంబరులో ఇస్తాంబుల్‌లో కాల్చి చంపారు. 2020 డిసెంబరులో అమెరికా మత్రాయిమోవ్ మీద ఆంక్షలు విధించింది. 2021 ఫిబ్రవరిలో బిష్కెక్ కోర్టు, ఆయన 200 కోట్ల సొమ్‌లకు పైగా ఖజానాకి కట్టాడన్న కారణంతో, జైలు శిక్ష లేకుండా 2,60,000 సొమ్‌ల జరిమానాతో సరిపెట్టింది. డబ్బు ఖజానాకి చేరిందిగా అనేవాళ్లు ఉన్నారు. చేరిన మాట నిజమే. ఎంత పోయిందో, ఎవరెవరికి చేరిందో, ఏ అధికారి కళ్లు మూసుకున్నాడో నిండు విచారణలో తేలకుండానే వ్యవహారం సర్దుబాటయింది. ఒకరిని ఆరోపణతో తరమడం, ఇంకొకరితో సొమ్ము కట్టించుకుని వదలడం, రెండూ పాలకుడి ఇష్టం మీదే నడిచాయి.

మరో అభ్యంతరం కాస్త బలమైనది. మధ్య ఆసియాలో మిగతా దేశాలతో పోలిస్తే కిర్గిజ్‌స్తాన్ నయం కదా? పక్కనే కజకిస్తాన్‌లో నజర్‌బాయెవ్ మూడు దశాబ్దాలు కదలకుండా ఏలారు. కిర్గిజ్ జనం మాత్రం 2005లో, 2010లో, 2020లో పాలకులని దించేశారు. ప్రతిపక్ష అభ్యర్థికి 33 శాతం ఓట్లు లెక్కపెట్టి చూపడమే ఆ ప్రాంతంలో గొప్ప. ఒప్పుకుంటాను. ఆ జనం ధైర్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ పాలకుడు మారినప్పుడల్లా ప్రాసిక్యూటర్ వేలు చూపే దిక్కు మారితే, మార్పు వల్ల బాగుపడేది బాధితుల జాబితాలోంచి తప్పించుకున్నవాడు మాత్రమే. బాబానోవ్‌ని తరిమిన అతంబాయెవ్‌ని 2019 ఆగస్టులో ఆయన వారసుడే భద్రతాదళాలని పంపి కోయ్-తాష్‌లోని ఇంట్లో పట్టుకున్నాడు. ఆ దాడి ముగిసిన ఒకటి రెండు రోజులకే బాబానోవ్ స్వదేశానికి తిరిగొచ్చారు. అతంబాయెవ్‌కి 2020లో 11 ఏళ్ల శిక్ష పడింది. ఆ వారసుడు జీన్‌బెకోవ్ అదే ఏడాది అక్టోబరు 15న రాజీనామా చేసి వెళ్లిపోయారు, సరిగ్గా మూడేళ్ల కిందట ఆయన గెలిచిన రోజున.

ఈ మొత్తంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది బాబానోవ్ పరిస్థితి కాదు. ఆయనకి లాయర్లున్నారు, విమానం టికెట్టుకి డబ్బుంది. 2017లో ఆయనకి ఓటేసిన అయిదున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. అప్పటికి అరవై లక్షలు కాస్త దాటిన జనాభా గల దేశంలో అది చిన్న సంఖ్య కాదు. వాళ్లలో తలాస్ రైతులున్నారు, ఓష్‌లో పోలీసంటే భయపడే ఉజ్బెక్‌లున్నారు. మీరు ఓటేసిన మనిషి నేరస్థుడని మూడు వారాల్లో వాళ్లకి చెప్పారు. గుర్రం సంగతి, మెగాకామ్ సంగతి, ఓష్ ప్రసంగం సంగతి నమ్మదగిన విచారణలో తేల్చి ఏది నిజమో ఇప్పటిదాకా ఎవరూ వాళ్లకి చెప్పలేదు.