ఆగి దిగే విమానం – సీ హారియర్ గుణదోషాలు

విమానాన్ని గాలిలోకి లేపేది ఇంజను అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి లేపేది రెక్క. ఇంజను విమానాన్ని ముందుకు తోస్తుంది. అలా ముందుకు పోతూ ఉంటే రెక్కల మీదుగా పారే గాలి బరువును మోస్తుంది. ఎద్దుల జత పది పదిహేను బస్తాల బండిని లాగుతుంది గదా! ఆ బరువును మోసేది ఎద్దులా? కాదు, చక్రాలూ వాటి కింది బాటానూ. ఎద్దులు లాగుతాయి, అంతే. మరి ఆ బండిని తీసుకొచ్చి ఎద్దుల వీపు మీద పెడితే? ఈ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకుంటే సీ హారియర్ అనే విమానం గొప్పతనమూ, దాని కష్టాలూ రెండూ బోధపడతాయి. ఈ విమానం 1983 నుండి 2016 దాకా మన నౌకాదళంలో పనిచేసింది.

నేల మీద జెట్ విమానానికి కిలోమీటర్ల పొడవు రన్‌వే ఉంటుంది. నౌక మీద ఆ వీలు ఎక్కడిది? మన పాత విక్రాంత్ నౌక మొత్తం పొడవే రెండు వందల మీటర్ల పైచిలుకు. అందుకని నౌక మీద విమానాన్ని ఆవిరి బలంతో పనిచేసే కాటపల్ట్‌తో ముందుకు విసిరేవారు. దిగేటప్పుడు విమానం తోకకున్న కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తీగను పట్టుకుంటే ఆగేది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో విక్రాంత్ నుండి ఎగిరిన సీ హాక్ విమానాలు ఈ పద్ధతిలోనివే. తరువాత వచ్చిన జెట్లు బరువెక్కాయి, వేగం పెరిగింది. వాటికి పెద్ద కాటపల్ట్ కావాలి, దానికి పెద్ద నౌక కావాలి, దానికి పెద్ద ఖజానా కావాలి. చిన్న నౌకలున్న దేశాలు ఏం చేయాలి?

దీనికి జవాబు బ్రిటన్‌లో దొరికింది. హాకర్ కంపెనీవారు పెగాసస్ అనే ఇంజను చుట్టూ ఒక విమానం కట్టి 1960లో మొదటిసారి గాలిలో నిలబెట్టారు. ఆ ఇంజనుకు నాలుగు మూతులు (నాజిల్స్) ఉంటాయి. ముందు రెండింటి నుండి ఫ్యాన్ తోసే చల్లగాలి, వెనక రెండింటి నుండి వేడి వాయువులు వస్తాయి. నాలుగూ ఒకేసారి తిరుగుతాయి. వెనక్కి తిప్పితే విమానం ముందుకు పోతుంది, కిందికి తిప్పితే పైకి లేస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం తప్ప వేరే మాయ లేదు. పొలంలో మోటారు వేసినప్పుడు గుడ్డ పైపు చివర చేత్తో పట్టుకున్నవారెవరికైనా అది వెనక్కి తన్నటం అనుభవమే. గాలిలో నిలబడి ఉన్నప్పుడు రెక్కల మీది పలకలు పనిచేయవు గనుక ముక్కు, తోక, రెక్కల కొనల దగ్గర ఉన్న చిన్న రంధ్రాల గుండా ఇంజను గాలినే చిమ్మి విమానాన్ని తిన్నగా నిలుపుతారు.

నౌకల కోసం మార్చిన రకమే సీ హారియర్. ఇది 1978లో తొలిసారి ఎగిరింది. మిగతా విమానాలు దిగి ఆగుతాయి, ఇది ఆగి దిగుతుంది అని దాని పైలట్లు చెప్పుకునేవారు. డెక్ అటూ ఇటూ ఊగుతున్నా, మంచు కమ్మినా, నౌక పక్కకు వచ్చి గాలిలో నిలబడి, అదను చూసి దిగవచ్చు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో దక్షిణ అట్లాంటిక్ చలికాలపు వాతావరణంలో ఇది బాగా అక్కరకు వచ్చింది. ఆ యుద్ధంలో సీ హారియర్లు అర్జెంటీనా విమానాలను ఇరవై దాకా కూల్చాయి. ఎదుటి విమానం చేతిలో ఒక్కటీ కూలలేదు. ఆరు పోయాయి గాని, అవి నేల మీది నుండి జరిపిన కాల్పుల వల్లా, ప్రమాదాల వల్లా పోయినవి. పోరాటం మధ్యలో మూతులు తిప్పి, గాలిలో టక్కున ఆగి శత్రువును ముందుకు పంపేసేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగానే ఉంటుంది, కాని ఆ యుద్ధంలో విజయాలు అలా రాలేదు. సైడ్‌విండర్ క్షిపణి, పైలట్ల శిక్షణ, దూరం నుండి వచ్చిన అర్జెంటీనా విమానాలకు ఇంధనం చాలకపోవటం – అసలు కారణాలు ఇవి.

అంకెలు మెచ్చుకునేటప్పుడు రెండో వైపు కూడా చూడాలి. ఆ యుద్ధంలోనే బ్రిటన్ యుద్ధనౌకలు నాలుగు మునిగాయి. సీ హారియర్ గస్తీ తిరగగలిగే సమయం కొద్ది. దాని రాడార్ నేల మీదుగా తక్కువ ఎత్తులో వచ్చేవాటిని సరిగా పట్టలేదు.

ఇప్పుడు బరువు లెక్కకు వద్దాం. పెగాసస్ తోపుడు బలం దాదాపు 9,750 కిలోలు. ఖాళీ విమానమే ఇంచుమించు 6,400 కిలోలు. నిలువుగా దిగాలంటే మొత్తం బరువు ఇంజను బలం కంటే తక్కువ ఉండి తీరాలి, కొంత బలం చేతిలో మిగలాలి కూడా. అంటే పైలటు, మిగిలిన ఇంధనం, వాడని ఆయుధాలు అన్నీ కలిపి మూడు టన్నుల లోపే. ఎగిరేటప్పుడు మాత్రం దాదాపు 11,900 కిలోల దాకా ఎగరవచ్చు. ఎలాగంటే, డెక్ మీద కొంత దూరం పరుగెత్తి, చివర పైకి వంగిన ఏటవాలు దిమ్మె (స్కీ జంప్) ఎక్కి గాలిలోకి దూకుతుంది. ఆ కాసేపట్లో వేగం పుంజుకుని రెక్కలు బరువు అందుకుంటాయి. 1987లో మన చేతికి వచ్చిన విరాట్ నౌకకు ఈ దిమ్మె ఉంది. అది ఫాక్‌లాండ్స్‌లో బ్రిటన్ వారికి ప్రధాన నౌకగా నిలిచిన హెర్మిస్సే! పాత విక్రాంత్‌కు తరువాత దిమ్మె అమర్చారు. ఇంతకూ, ఎగిరేటప్పుడు బండి బాట మీద ఉంటుంది, దిగేటప్పుడు ఎద్దుల వీపెక్కుతుంది. మోసుకెళ్లింది వాడకపోతే, వెనక్కి తేవడానికి బరువు కుదరకపోతే, ఖరీదైన ఆయుధమైనా సముద్రంలో పారేయాల్సిందే.

వేడి దేశాల్లో ఇది మరీ కష్టం. గాలి వేడెక్కితే పలచబడుతుంది. అదే పరిమాణం గాలిని మింగినా ఇంజనుకు దక్కే ద్రవ్యరాశి తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. పైగా డెక్‌కు తగిలి లేచిన వేడి వాయువులను ఇంజను మళ్లీ తానే మింగే ప్రమాదం ఉంది. అందుకని దిగేటప్పుడు ఇంజనులోకి నీళ్లు చిమ్మి చల్లబరుస్తారు. ఆ నీరు 225 లీటర్లకు అటూ ఇటూ, నిమిషంన్నరలో అయిపోతుంది. ఆలోగా దిగాలి. చలిదేశంలో తయారైన ఈ విమానాన్ని మనం అరేబియా సముద్రపు ఎండలో వాడుకున్నాం. బ్రిటన్ వారే 2006లో తమ సీ హారియర్లను పక్కన పెట్టినప్పుడు చెప్పిన కారణాల్లో వేడి ప్రాంతాల్లో ఇంజను చాలకపోవటం ఒకటి.

నడపటం కూడా తేలిక కాదు. థ్రాటిల్ పక్కనే మూతులు తిప్పే ఇంకో మీట ఉంటుంది. గాలిలో నిలబడినప్పుడు ఎదురుగాలికి ముక్కు తిన్నగా లేకపోతే విమానం ఒరిగి తిరగబడవచ్చు. అందుకే పైలటు అద్దం ముందు చిన్న గాలి సూచిక బిగించారు. తూర్పార పట్టేవాడు గాలివాలు చూసినట్టు ఇంతటి జెట్ విమానంలోనూ పైలటు దాన్నే చూసుకోవాలి! ఇంజను ఒక్కటే. నిలబడి ఉండగా అది ఆగితే జారుతూ పోయి దిగే వీలు లేదు. సీటుతో సహా బయటికి ఎగిరిపోవటానికి క్షణాలే వ్యవధి. మనం కొన్నవి సుమారు ముప్పై. అందులో సగానికి పైగా ప్రమాదాల్లోనే పోయాయి, పైలట్లు కొందరు ప్రాణాలు కోల్పోయారు. యుద్ధంలో శత్రువు కూల్చినది ఒక్కటీ లేదు. ఇది విమానం ఖాతాలో రాయవలసిన దోషమే.

శబ్దవేగాన్ని దాటలేదని దీన్ని తక్కువ చేసి మాట్లాడేవారున్నారు. నా దృష్టిలో అది చిన్న లోపం. కన్ను, చెయ్యి దూరం అందకపోవటం అంతకంటే పెద్దది. ఇజ్రాయెల్ రాడార్, డెర్బీ క్షిపణి అమర్చాక అదీ కొంత తీరింది, కాని అప్పటికి విమానాలు కొద్దిగానే మిగిలాయి. అయినా 1980లలో మన చిన్న నౌకల మీద సీ హాక్‌ల స్థానంలో నిలబడగల జెట్ ఇంకొకటి ఏదని అడిగితే చెప్పటం కష్టం.

2016 మే నెలలో గోవాలోని హంస స్థావరంలో వీటికి వీడ్కోలు చెప్పారు. దిమ్మె మీదుగా ఎగిరి తీగ పట్టుకుని దిగే మిగ్-29కె వాటి స్థానంలోకి వచ్చింది. విరాట్‌ను విశాఖ తెచ్చి మ్యూజియం చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆలోచించింది గాని అది సాగలేదు. 2020లో ఆ నౌక గుజరాత్‌లోని అలంగ్‌కు, ఇనుము కింద విడగొట్టడానికి వెళ్లింది.

బరువు సమస్య మాత్రం ఆ నౌకతో పోలేదు. సీ హారియర్ దారిలో వచ్చిన అమెరికా ఎఫ్-35బి కూడా నిలువుగా దిగేదే. మీటల కష్టాన్ని కంప్యూటర్లు తీసుకున్నాయి, ఇంజను బలం దాదాపు రెట్టింపైంది, అయినా దిగేటప్పుడు వాడని ఆయుధాల బరువు దానికీ ఇబ్బందే. అందుకని 2018లో బ్రిటన్ నౌక క్వీన్ ఎలిజబెత్ మీద కొత్త పద్ధతి పరీక్షించారు. గాలిలో పూర్తిగా ఆగకుండా, కాస్త ముందుకు వేగం ఉంచుకునే డెక్ మీద వాలి, బ్రేకులు వేసి ఆగటం. ఆ కాస్త వేగానికి రెక్కలు కొంత బరువు మోస్తాయి, మిగతాదే ఇంజను మోస్తుంది.