పెంపుడు చిలుకకు ఈకలు ఊడిపోతున్నాయా? మందు కన్నా ముందు తల చూడండి

చిలుక ఒంటి మీద ఈకలు పోయి అక్కడక్కడా చర్మం కనబడగానే పెంచేవారు అడిగే మొదటి ప్రశ్న “ఏ మందు కొట్టాలి?” అని. పంట దెబ్బతిన్నప్పుడు కూడా మనం ఇదే అడుగుతాం. పంటలో పురుగా, తెగులా, పోషక లోపమా తేల్చుకోకుండా మందు కొడితే డబ్బు వృథా అవుతుంది. వంద గ్రాముల చిలుక మీద అదే పని చేస్తే ప్రాణమే పోతుంది.

ఈకలు రాలడం అనేది జబ్బు పేరు కాదు. ఆకు పసుపు రంగుకు తిరిగినట్లే అది ఒక లక్షణం మాత్రమే. కారణం ఆహారంలో ఉండవచ్చు, పంజరంలో ఉండవచ్చు, పక్షి శరీరంలో ఉండవచ్చు. గౌలిగూడ, కోఠి, అఫ్జల్‌గంజ్, బేగంబజార్ వంటి ఇరుకు వీధుల ఇళ్లలో పంజరం ఎక్కువగా మెట్ల దగ్గరో, వంటింటి పక్కనో వేలాడుతుంటుంది. ఎండ తక్కువ, పొగ ఎక్కువ. అందుకే ఈ సమస్యను పక్షితో పాటు ఇంటిని కూడా చూసి తేల్చుకోవాలి.

తల చెప్పే సంగతి

చిలుక తన ముక్కుతో ఒంటి మీద దాదాపు అన్ని చోట్లను అందుకోగలదు, తలను తప్ప. కాబట్టి ముందుగా తలను గమనించండి.

• తల మీద ఈకలు నిండుగా ఉండి రొమ్ము, రెక్కల కింద, కాళ్ల పైభాగం బోడిగా ఉంటే పక్షి తనకు తానే పీక్కుంటోందని అర్థం.
• ఒకే పంజరంలో రెండు పక్షులు ఉండి ఒకదాని తల, మెడ వెనుక భాగం బోడిగా ఉంటే తోటి పక్షి పీకుతోందేమో చూడాలి. విడదీసి ఉంచితే కొన్ని వారాల్లో తేలిపోతుంది.
• ఒంటరి పక్షికి తల మీద కూడా ఈకలు పోతుంటే, కొత్త ఈకలు వంకరగా, నొక్కినట్లుగా వస్తుంటే జబ్బును అనుమానించాలి.
• ఎక్కడా బోడి లేకుండా రోజూ కొన్ని ఈకలు రాలుతూ, వాటి చోట ముళ్లలాంటి కొత్త ఈకలు పొడుచుకు వస్తుంటే అది సహజం. భయం అక్కర్లేదు.

సహజంగా ఈకలు మార్చుకునే కాలం

పెద్ద చిలుకలు సాధారణంగా ఏడాదికోసారి, పిల్లలు చేసే కాలం ముగిశాక పాత ఈకలు వదిలి కొత్తవి తెచ్చుకుంటాయి. రెక్కల ఈకలు రెండు వైపులా దాదాపు సమానంగా, కొద్దికొద్దిగా రాలుతాయి. ఈ సమయంలో పక్షి కొంత మందకొడిగా ఉంటుంది, ఎక్కువగా గోక్కుంటుంది.

కొత్త ఈక మొదలులో రక్తం ఉంటుంది. అది విరిగితే రక్తం కారుతుంది. శుభ్రమైన దూదితో కొంచెం మొక్కజొన్న పిండి అద్ది మెల్లగా నొక్కి పట్టండి. రక్తం ఆగకపోతే వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఆ ఈకను ఇంట్లో పీకవద్దు.

తనకు తానే పీక్కుంటుంటే

ఇందులో జబ్బు, అలవాటు రెండూ కలిసి ఉంటాయి. చర్మం మీద ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బు, పేగుల్లో పరాన్నజీవులు, ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉన్నా పక్షి పీక్కుంటుంది. కొత్తగా కొన్న జింకు పూత తీగ పంజరాన్ని కొరికితే జింకు ఒంట్లోకి చేరి విషమవుతుంది. అటువంటి పంజరాన్ని వాడే ముందు వెనిగర్‌తో రుద్ది, బాగా కడిగి ఆరబెట్టాలి. పూత పెచ్చులుగా ఊడుతుంటే ఆ పంజరమే మార్చాలి.

ఇవేవీ కాదని వైద్యుడు తేల్చాక మిగిలేది ఒంటరితనం, ఏమీ తోచకపోవడం, నిద్ర చాలకపోవడం. పొలంలో జొన్న కంకుల మీద, పొద్దుతిరుగుడు పువ్వుల మీద వాలే రామచిలుకల గుంపును మీరు చూసే ఉంటారు. తిండి వెతకడం, ఒలవడం, తోటి పక్షులతో అరవడం, ఎగరడంతోనే వాటి రోజు గడిచిపోతుంది. పంజరంలో గిన్నె నిండా గింజలు పోస్తే పావుగంటలో తిండి అయిపోతుంది. మిగిలిన రోజంతా దాని ముక్కుకు పని ఉండదు. ఆ ముక్కు చివరకు తన ఈకల మీదికే పోతుంది.

ఆలస్యం చేయకూడదని చెప్పడానికి బలమైన కారణం ఉంది. మొదలుతో ఊడిన ఈక కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. కొరికి విరిచినదో, కత్తిరించినదో అయితే తరువాత ఈకలు మార్చుకునే కాలం వరకు ఆగాలి. నెలల తరబడి అదే చోట పీకుతూ ఉంటే ఈక మొలిచే కుదురే పాడవుతుంది. ఆ తరువాత ఏం చేసినా అక్కడ ఈక రాదు.

నల్లి ఉందో లేదో తెలుసుకోండి

ఈకలు పోగానే పురుగే కారణమని చాలామంది నిర్ధారించుకుంటారు. ఇంట్లో ఒంటరిగా పెరిగే చిలుకల్లో నల్లి వల్ల ఈకలు పోవడం నిజానికి అంత తరచుగా జరగదు. కోళ్లు, పావురాలు దగ్గరలో ఉన్న ఇళ్లలో మాత్రం చూసుకోవాలి. పక్షుల ఎర్రనల్లి పగలు పంజరం సందుల్లో, చెక్క చీలికల్లో దాగి రాత్రి వచ్చి రక్తం పీలుస్తుంది. రాత్రి పంజరం మీద తెల్లని గుడ్డ కప్పి, తెల్లవారుజామున గుడ్డ మడతలు చూడండి. ఎర్రటి లేదా నల్లటి చిన్న చుక్కలు కదులుతుంటే నల్లి ఉన్నట్లే.

మనం లవ్ బర్డ్స్ అని పిలిచే చిన్న బడ్జీలలో మరో రకం నల్లి ముక్కు చుట్టూ, కాళ్ల మీద తెల్లని గరుకు పొక్కు కట్టిస్తుంది. దీనికి ఐవర్‌మెక్టిన్ వంటి మందులు ఉన్నాయి. బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములే. పశువులకు వాడే సీసాలోంచి అంచనాగా ఒక చుక్క వేస్తే మోతాదు ఎన్నో రెట్లు మించిపోతుంది. బరువు తూచి వైద్యుడే ఇవ్వాలి.

వైరస్ జబ్బులు

చిలుకల ముక్కు, ఈకల జబ్బు సర్కోవైరస్ వల్ల వస్తుంది. చిన్న వయసు పక్షుల్లో ఎక్కువ. ఈకలు వంకరగా వచ్చి రాలిపోతాయి, కొన్నింటిలో ముక్కు కూడా పెళుసుబారుతుంది. ఈకల పొడి, రెట్టల ద్వారా ఇతర చిలుకలకు అంటుకుంటుంది. దీన్ని నయం చేసే మందు లేదు. రక్తం, ఈకల నమూనాతో పీసీఆర్ పరీక్ష చేసి నిర్ధారిస్తారు. అందుకే ముర్గీ చౌక్‌లో గానీ, మరెక్కడైనా గానీ కొన్న కొత్త పక్షిని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచాకే పాత పక్షులతో కలపాలి.

ఆహారం సరిచేయండి

ఈక అంటే ప్రధానంగా మాంసకృత్తు. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ. విటమిన్ ఏ, కాల్షియం తక్కువ. అవే పెడుతూ ఉంటే చర్మం పొడిబారి ఈకలు పేలవంగా తయారవుతాయి.

• గింజలు మొత్తం ఆహారంలో సగానికి మించకుండా చూడండి. అందులోనూ కొర్రలు, సజ్జలు, జొన్నలకు ఎక్కువ చోటివ్వండి. బేగంబజార్ దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి.
• మునగాకు, తోటకూర, కొత్తిమీర, క్యారట్ తురుము, బొప్పాయి, జామ రోజు మార్చి రోజు పెట్టండి. పచ్చిమిరప కన్నా పండుమిరపలో విటమిన్ ఏ ఎక్కువ. చిలుకకు కారం తెలియదు.
• మొలకెత్తిన పెసలు, వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు చిన్న ముక్క ఇవ్వండి.
• కటిల్ బోన్ పేరుతో దొరికే సముద్రపు నురుగును పంజరానికి కట్టండి.
• ఆకుకూరలను పారే నీటిలో బాగా కడగండి. పురుగుమందు అవశేషాలు చిన్న పక్షికి పెద్ద ప్రమాదం.
• అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, ఉప్పు చిరుతిళ్లు అసలు పెట్టవద్దు.

ఆహారం ఒక్కరోజులో మార్చవద్దు. కొత్తది తినక పక్షి పస్తు ఉంటుంది. మూడు నాలుగు వారాలు తీసుకోండి.

పంజరం, ఇల్లు

• ఉదయం అరగంట లేత ఎండ తగిలేలా ఉంచండి. పంజరంలో ఒక మూల నీడ తప్పనిసరి. వేసవిలో ఎండ ముదరక ముందే లోపలికి తీసుకోండి.
• అగరుబత్తి, దోమల చుట్ట, సిగరెట్ పొగకు దూరంగా ఉంచండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా కాగితే వచ్చే పొగ పక్షిని నిమిషాల్లో చంపగలదు.
• రాత్రి 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. టీవీ ఉన్న గదిలో అర్ధరాత్రి దాకా ఉంచవద్దు.
• వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టండి, లేదా పగటిపూట గోరువెచ్చని నీటిని సన్నగా చిలకరించండి.
• వేపపుల్లలు, జామ కొమ్మలు, మొక్కజొన్న కంకి, కాగితంలో చుట్టిన గింజలు ఇవ్వండి. ముక్కుకు పని దొరుకుతుంది.

చేయకూడనివి

• క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ వంటి పంట మందులు, పశువుల గోమార్ల మందులు పక్షి మీద గానీ పంజరం మీద గానీ కొట్టవద్దు.
• వేపనూనె, కొబ్బరినూనె రాయవద్దు. నూనెకు ఈకలు అతుక్కుపోయి ఒంటి వేడి నిలవదు. పక్షి ఈకలు సర్దుకునేటప్పుడు ఆ నూనెనే మింగుతుంది.
• పీక్కుంటోందని అరవడం, కొట్టడం చేయవద్దు. బెదిరిన పక్షి ఇంకా పీక్కుంటుంది.

వెంటనే వైద్యుడికి చూపించాల్సిన సందర్భాలు

చర్మం మీద పుండు, రక్తం, తిండి మానేయడం, ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చోవడం, రెట్ట రంగు మారడం, తోక ఊపుతూ ఆయాసపడటం. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. అందుకే వంటింటి డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గితే ఆగవద్దు. చిలుకల నుంచి మనుషులకు వచ్చే సిట్టకోసిస్ అనే జ్వరం కూడా ఉంది. పక్షి నలతగా ఉన్న ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే చిలుకను పెంచుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

గౌలిగూడ వైపు వారికి నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గర. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. వెళ్లేటప్పుడు రాలిన ఈకలు, ఆ రోజు రెట్ట పడిన కాగితం, పంజరం ఫొటో తీసుకెళ్లండి. సగం కారణం అక్కడే తెలుస్తుంది.

మీ దగ్గర ఉన్నది రామచిలుక అయితే

ఆకుపచ్చ రంగు, మెడ చుట్టూ గులాబీ గీత ఉన్న మన రామచిలుకకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉంది. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెంచడం నేరం. బడ్జీ, కాకటీల్ వంటి విదేశీ పక్షులను పెంచుకోవచ్చు. ఆఫ్రికన్ గ్రే, మకావ్, కాకటూ వంటివి ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఈ చట్టం తెలిసి భయపడి, ఈకలు పోయిన రామచిలుకను ఎవరికీ చూపించకుండా ఇంట్లోనే దాచేవారు ఉన్నారు. కొందరు గుట్టుగా డాబా మీద వదిలేస్తారు. రెక్కల ఈకలు లేని చిలుక ఎగరలేదు. పిల్లికో, కాకికో, గద్దకో ఆ రోజే చిక్కుతుంది. రెండూ చేయవద్దు. అటవీ శాఖకు అప్పగించండి. నగరంలో వారి ప్రధాన కార్యాలయం సైఫాబాద్‌లోని అరణ్య భవన్. ఈకలు తిరిగి వచ్చి ఎగరగలిగే దాకా దానికి సంరక్షణ కావాలి. ఇంత కాలం ప్రేమగా సాకిన పక్షికి చివరిగా చేయగల మేలు అదే.