తొలి అడుగుకు తొమ్మిది నెలల ఎడం

పిల్లలు ఎన్ని నెలలకు నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా. మల్లాపూర్‌లో ఒకే వాడకట్టులో, ఒకే వారంలో పుట్టిన ఇద్దరిలో ఒకరు ఉగాదికి నడిస్తే ఇంకొకరు సంక్రాంతికి నడవొచ్చు. ఇద్దరూ బాగున్నట్టే.

2006లో వెలువడిన ఈ లెక్కకు ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో 816 మంది పిల్లలను నాలుగో నెల నుంచి గమనించారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. ఊతం లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, పట్టుకోకుండా నిలబడడానికి 6.9 నుంచి 16.9 నెలలు పట్టింది. మోకాళ్ల మీద దోగాడనే దోగాడని వాళ్లు 4.3 శాతం. అందుకే 'మావాడు దోగాడలే' అన్న ఒక్క కారణానికే భయపడొద్దు.

నెలలు నిండకుండా పుట్టినవాళ్ల లెక్క వేరు. 32 వారాలకే పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వయసులో రెండు నెలలు తీసేసి చూడాలి.

నా దిగులంతా పై హద్దు గురించే. 18 నెలలు నిండినా నడవకపోతే, 16 నెలలకు ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకు 'అవ్వ రా' అని రెండు మాటలు కలపకపోతే డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే వెళ్లాలి. 'వాళ్ల నాయిన గూడ మూడేండ్లకే మాట్లాడిండు, ఏం గాదు తియ్' అని బాపమ్మ ప్రేమతోనే అంటుంది. కానీ చెవి వినపడకే మాట రాకుంటే, ఆ ఓదార్పులో పోయిన ఏడాది మళ్లీ దొరకదు. బిడ్డకు కనపడకుండా వెనక నిలబడి, మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. తిరగకపోతే చెవి పరీక్ష చేయించండి.

మా మల్లాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో నాయిన గల్ఫ్‌లో, అమ్మ బీడీల చాట ముందు ఉండే ఇండ్లు ఎన్నో. పని సాగాలని బిడ్డ చేతికి ఫోన్ ఇస్తారు. ఏడాది పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లు నిండాక కూడా రోజుకు గంటకు మించొద్దంది. నాయినతో వీడియో కాల్ మాత్రం మాట్లాడించండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే దానికి మినహాయింపు ఇచ్చింది. బిడ్డ 'ఊ' అంటే నాయిన బదులు పలుకుతాడు, బొమ్మల వీడియో పలకదు. తంబాకు దుమ్ముకు దూరంగా కూర్చోబెట్టి, ఆకు, దారం, కత్తెర అని చూపిస్తూ మాట్లాడినా మాటలు వస్తాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎదుగుదలలో ఆలస్యాన్ని పట్టుకోవడం వాళ్ల పనే. తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసుకు వెళ్లినప్పుడు ఆ పేజీ తెరిచి ఏఎన్‌ఎంను అడగండి.