పటంలో పచ్చదనం, చెట్ల కింద ముప్పు

దేశంలోని అడవుల్లో అత్యధిక వాటా వేసవిలో ఆకు రాల్చే పొడి అడవులదే. అడవుల స్థితిని ఉపగ్రహ ఛాయాచిత్రాల ఆధారంగా పటాలకెక్కిస్తున్నది డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ. దాని 2023 నివేదిక ప్రకారం అటవీ విస్తీర్ణం 7,15,343 చదరపు కిలోమీటర్లు. ఇది దేశ భూభాగంలో 21.76 శాతం.

అయితే కనీసం హెక్టారు స్థలంలో 10 శాతం మేర చెట్ల పందిరి ఉంటే అది అడవి లెక్కలోకి వస్తుంది. నీలగిరి తోటకూ, టేకు, తునికి పెరిగిన సహజారణ్యానికీ ఈ లెక్కలో భేదం లేదు. పందిరి కింద కొత్త మొక్క మొలకెత్తుతున్నదీ లేనిదీ ఆ విస్తీర్ణం అంకె చెప్పదు.

అసలు ముప్పు అక్కడే పొంచి ఉంది. 19వ శతాబ్దారంభంలో ఉద్యానవనాల అలంకరణకు తెచ్చిన లాంటానా పొద, పులులు సంచరించే అడవుల్లో 1,54,000 చదరపు కిలోమీటర్లను, అంటే 40 శాతానికి పైగా ఆక్రమించిందని 2020లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. ఈ పొద గడ్డిని, మొలకలను ఎదగనివ్వదు. ఇప్పపువ్వు ఏరుకునేందుకు, తునికాకు చిగుళ్ల కోసం పెట్టే నిప్పు ఎండిన పొదలకు అంటుకుంటే అదుపు తప్పుతుంది. ఎండలు ముదిరేకొద్దీ ఈ ప్రమాదం హెచ్చుతుంది.

గడ్డి తరిగితే పశువులకు మేత కరవవుతుంది. మొలకలు నశిస్తే రేపటి తునికి, ఇప్ప చెట్లు ఉండవు. వాటినే నమ్ముకున్న గిరిజన కుటుంబాలకు, అడవి పటంలో పచ్చగా కనిపించినా, ఫలసాయం మిగలదు.